జపాను బండి వచ్చేలోపు

కారు బుక్ చేసి వచ్చిన రోజు మధ్యాహ్నమే మా తమ్ముణ్ణి కొట్టాను. గూడూరు నిమ్మకాయల యార్డులో, పదిమంది చూస్తుండగా, కుడిచేత్తో, వాడి ఎడమ చెవి మీద. ఎందుకు కొట్టావని ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే సవాలక్ష కారణాలు చెప్పేవాణ్ణి. జపాను కంపెనీల గొప్పతనం, అమెరికా కంపెనీల పొగరు, తమ్ముడి నోటిదురుసు, అన్నీ ఏకరువు పెట్టేవాణ్ణి. ఇప్పుడు అడిగితే ఒక్కటే చెబుతాను. వాడు నలుగురిలో నిజం చెప్పాడు. అందుకు కొట్టాను.

నాది నిమ్మకాయల కమీషన్ వ్యాపారం. వాడిది చిల్లకూరు దగ్గర హైవే పక్కన మెకానిక్ షెడ్డు. నాకంటే ఆరేళ్ళు చిన్నవాడు. వాడికి చదువు అబ్బలేదు గానీ చెవి అబ్బింది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను నడుస్తున్న ఇంజన్ మీద ఆనించి, పిడిని ఎడమ చెవికి నొక్కిపెట్టి, కళ్ళు మూసుకునేవాడు. నిమిషం అయ్యాక కళ్ళు తెరిచి, ఏ బేరింగు అరిగిందో, ఏ సిలిండర్‌లో తేడా ఉందో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే ఉండేది. కంప్యూటర్లు తగిలించి చూసే పెద్ద షోరూముల వాళ్ళు కూడా అంతుచిక్కని బండి వస్తే గుట్టుచప్పుడు కాకుండా వాడి షెడ్డుకు పంపేవాళ్ళు. ఎప్పుడూ ఎడమ చెవితోనే వినేవాడు. వాడి కుటుంబం ఆ చెవి మీద బతికింది.

మా ఇద్దరి మధ్యా కార్ల గురించి రగడ చాలా పాతది. నేను పదకొండేళ్ళు నడిపింది ఒక అమెరికా కంపెనీ చిన్న కారు. తలుపు వేస్తే బీరువా మూసినంత చప్పుడు వచ్చేది. హైవే మీద లోడు లారీ పక్కనుంచి దూసుకుపోయినా ఊగేది కాదు. ఆయిల్ మాత్రం తాగుబోతులా తాగేది. అద్దం తిప్పే చిన్న మోటారు పాడైతే నెల రోజులు చెన్నై చుట్టూ తిరగాలి. చివరికి ఆ కంపెనీ వాడు మన దేశంలో దుకాణం కట్టేసి, మా మొహాన ఒక ఫోన్ నంబరు పడేసి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ఆ దేశం పేరెత్తితే నాకు ఒళ్ళు మండేది.

"పోతే పోయినాడు. రేకు చూడన్నా," అనేవాడు తమ్ముడు, బానెట్ మీద గుప్పిటతో కొట్టి. "ఈ ఉప్పు గాలికి పక్కింటి జపాను బండి తలుపుల కింద తుప్పు పట్టింది. దీనికి పట్టిందా? జపానోడు రేకు మిగిలిస్తాడు, పెట్రోలు మిగిలిస్తాడు. గుద్దుకున్న రోజు నిన్ను మిగిలిస్తాడా?"

"అమెరికావోడు గుద్దుకునేదానికి చేస్తాడురా బండి. జపానోడు గుద్దుకోకుండా ఇంటికి వచ్చేదానికి చేస్తాడు," అనేవాణ్ణి నేను. సందులో తిరగాలన్నా, వీధి చివర కొట్లో స్పేరు దొరకాలన్నా, అమ్మితే నాలుగు రాళ్ళు రావాలన్నా జపాను బండే అని వాదించేవాణ్ణి. ఇద్దరం గొంతులు చించుకునేవాళ్ళం. మా ఆవిడ మధ్యలో వచ్చి, అన్నం చల్లారిపోతోందని కసిరేది. అంతవరకు అది సరదాగానే ఉండేది.

తమ్ముణ్ణి కొట్టడానికి రెండేళ్ళ ముందు ఆ అమెరికా బండితో నేను హైవే మీద బోల్తా కొట్టాను. మధ్యాహ్నం రెండు గంటల వేళ, ఒంటరిగా ఉన్నాను. ముందు ఇటుకల లారీ. ఎంత హారన్ కొట్టినా సైడు ఇవ్వలేదు. పైగా డ్రైవరు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ఆగమన్నట్టు తాపీగా ఊపాడు. ఆ చెయ్యి చూడగానే నాకు కోపం నషాళానికి ఎక్కింది. ఎడమవైపు నుంచి దూరి, లారీ పక్కనే పోతూ, కిటికీ దించి, వాడి తల్లినీ చెల్లినీ కలిపి తిట్టాను. వాడు నవ్వాడు. వాడి ముందుకు పోయి బండి అడ్డం పెట్టి, కిందికి లాగి కొట్టాలని యాక్సిలరేటర్ తొక్కాను, నేలకు అంటుకునేదాకా తొక్కాను. ముందు ట్రాక్టరు కనబడింది. పక్కకు లాగేసరికి రెయిలింగ్‌కు గుద్దుకుని బండి రెండు పల్టీలు కొట్టింది. తలకిందులుగా వేలాడుతూ, నోట్లో అద్దం ముక్కలు, పెదవి మీద వేడిగా రక్తం, అప్పుడు కూడా ఆ లారీవాడినే తిడుతున్నాను.

షెడ్డు దగ్గర్లోనే కాబట్టి కబురు తెలిసి తమ్ముడు వచ్చి తలుపును రాడ్డుతో విరిచి నన్ను బయటికి లాగాడు. నాలుగు కుట్లు, విరిగిన పక్కటెముకలు రెండు. బతికాను. జనం మూగి ఏమైందని అడిగితే, నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "బ్రేకులు పడలేదు" అని. అదే మాట ఆసుపత్రిలో చెప్పాను, చర్చిలో లేచి నిలబడి సాక్ష్యంలో చెప్పాను, యార్డులో రోజూ చెప్పాను. దేవుడు కాపాడాడు, అమెరికావాడు చంపబోయాడు. వినేవాళ్ళకు మహా బాగుండేది.

నాకు తట్టని సంగతి ఒకటుంది. తట్టలేదని చెప్పడం కూడా అబద్ధమే, తట్టింది, నెట్టేశాను. ఆ ముందు వారమే ఆ బండి బ్రేకులు చూసింది మా తమ్ముడు. నేను కంపెనీని తిడుతుంటే, వినేవాళ్ళు వాడి వైపు చూడటం మొదలుపెట్టారు. సొంత అన్న బండికే బ్రేకులు సరిగా వెయ్యలేదట అన్నారు. వాడి షెడ్డు ముందు ఆగే బండ్లు తగ్గాయి. వాడు ఆ తుక్కును షెడ్డుకు చేర్చి, బ్రేకులు విప్పి చూసి, చక్కగా ఉన్నాయని తెలుసుకుని కూడా నన్ను ఒక్క మాట అనలేదు. మూడు నెలలు కూర్చుని, ఎక్కడెక్కడి నుంచో భాగాలు తెచ్చి, ఆ బండిని మళ్ళీ నిలబెట్టి నా వాకిట్లో పెట్టాడు.

నేను మాత్రం నెల్లూరు పోయి జపాను బండి బుక్ చేశాను. చిన్నది, తెల్లది. వాడికి చెప్పలేదు. రెండు నెలలు ఆగాలన్నారు. అక్కడి నుంచి నేరుగా యార్డుకు వచ్చి మిఠాయి పెట్టె తెరిచాను. అదే సమయానికి తమ్ముడు ఎవరిదో ట్రాలీ ఆటో బాగుచేయడానికి యార్డులోనే ఉన్నాడు. "ఇక బ్రేకుల భయం లేదప్పా, జపాను బండి," అన్నాను. సాటి వ్యాపారి ఒకాయన మిఠాయి నోట్లో వేసుకుంటూ, "మీ తమ్ముడి చేతికి మాత్రం ఇయ్యబాకన్నా, ఉన్న బ్రేకులు పీకేస్తాడు," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తమ్ముడు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ లేచాడు. "బ్రేకులు బాగానే ఉండాయన్నా," అన్నాడు, అరవకుండా, అందరికీ వినబడేలా. "ఇప్పి చూసింది నేనే. రోడ్డు మీద టైరు గుర్తులు చూసింది నేనే. నువ్వు లారీవోణ్ణి తరుముకుంటా పోయినావు. రెండేళ్ళు గమ్ముగా ఉన్నా. నీ కోపానికి ఏ దేశపోడు బ్రేకు చేస్తాడో చెప్పు, ఆ బండే కొందాం."

కొట్టాను. చెయ్యి ఎప్పుడు లేచిందో తెలియదు గానీ తగిలిన చప్పుడు ఇప్పటికీ తెలుసు. వాడు నిమ్మకాయల రాశి మీద పడ్డాడు. రాశి కూలి, కాయలు నేలంతా దొర్లాయి. లేవబోతే రెండోసారి కాలితో తన్నాను, తొడ మీద. ముగ్గురు నన్ను వెనక్కి లాగారు. వాడి చెవి నుంచి సన్నగా రక్తం కారి, చొక్కా కాలరు మీద పడింది. వాడు చెవి పట్టుకుని నన్నే చూస్తున్నాడు. తిరిగి కొట్టలేదు. కొట్టి ఉంటే ఆ రోజు నేను నిద్రపోయేవాణ్ణి.

ఇంటికి పోయినా ఒంట్లో అగ్గి చల్లారలేదు. వాకిట్లో పాత బండి కనబడింది. గునపం తీసుకుని దాని మీద పడ్డాను. ముందు అద్దం ఒక్క దెబ్బకే పోయింది, లైట్లు పోయాయి. బానెట్ మాత్రం లొంగలేదు. ఎనిమిది దెబ్బలకు గాని సొట్ట పడలేదు. ప్రతి దెబ్బా తిరిగి నా భుజంలోకే వచ్చింది. అరిచేతులు పగిలాయి. తమ్ముడు రేకు గురించి చెప్పింది నిజమే అని అప్పుడు కూడా మనసులో అనిపించింది, అందుకు ఇంకా గట్టిగా కొట్టాను.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. యార్డు సంగతి అప్పటికే ఫోన్లో తెలిసింది ఆమెకు. "కొట్టండి. ఆ బిడ్డ మూడు నెలలు కూసుని కట్టిన బండి. వాడి చెవి పగలగొట్టినారు గదా, దీన్ని కూడా పగలగొట్టండి," అంది. తర్వాత దగ్గరికి వచ్చి నా చేతిలో గునపం తీసుకుంది. "కొత్త బండి ఏ దేశందైనా తెచ్చుకోండి. దాని స్టీరింగు మాత్రం మీరు పట్టుకునేదానికి లేదు. పట్టుకుంటే నేను ఈ ఇంట్లో ఉండను." ఆమె మాట మీద నిలబడే మనిషి. పాత బండిని రెండు రోజుల తర్వాత తుక్కువాడు వచ్చి లాక్కుపోయాడు.

మా ఇంట్లో మగవాళ్ళు తప్పయిందని చెప్పరు. మా నాయన మమ్మల్ని బెల్టుతో బాదేవాడు, తర్వాత జిలేబీ పొట్లం తెచ్చి పక్కన పెట్టేవాడు. మాట ఉండేది కాదు. నాకూ అదే వచ్చింది. మర్నాడు పొద్దున్నే బీరువాలో ఉన్న ప్రార్థన నూనె సీసా తీశాను. పాస్టరు గారు ప్రార్థించి ఇచ్చింది, జబ్బు చేస్తే నుదుటికి రాసుకోమని. నుదుటికి రాస్తేనే అంత మేలైతే, నొప్పి ఉన్నచోటే పోస్తే ఇంకెంత మేలు అనుకున్నాను. చిన్నప్పుడు మాకు చెవిపోటు వస్తే అమ్మ వెల్లుల్లి వేసి నూనె కాచి పోసేది. అలాగే ఆ ప్రార్థన నూనెను గరిటెలో వెల్లుల్లితో వేడి చేసి, గిన్నెలో పోసుకుని తమ్ముడి షెడ్డుకు పోయాను.

వాడు బల్ల మీద కూర్చున్నాడు. చెవికి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. డాక్టరు దగ్గరికి పోలేదు. అన్న కొట్టాడని చెప్పుకోవడం వాడికి ఇష్టం లేదు. గిన్నె చూశాడు, నా మొహం చూశాడు. రుమాలు తీసి, తల కుడివైపుకు వంచాడు. నేను పోశాను. వాడి ఒళ్ళంతా బిగుసుకుంది. బల్ల అంచును పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. అయినా తల కదపలేదు. కొట్టిన ఆ చేతినే వాడి తల మీద పెట్టి ప్రార్థన చేశాను. ఆమెన్ అన్నాడు. నాకు గుండెల మీద బరువు దిగింది. మాట లేకుండానే అయిపోయింది అనుకుని ఇంటికి వచ్చి కడుపునిండా తిన్నాను.

వారం తిరిగేసరికి వాడికి జ్వరం, చెవిలో చీము, పక్కన కూర్చోలేనంత వాసన. నెల్లూరు తీసుకుపోయాను. చెవుల డాక్టరమ్మ లైటు పెట్టి చూసి, మొహం చిట్లించి, "లోపల నూనె పోసింది ఎవరు?" అని అడిగింది.

"నేనే పోసుకున్నా మేడం," అన్నాడు తమ్ముడు.

ఆమె వాణ్ణి చెడామడా తిట్టింది. దెబ్బకు చెవిలోపలి పొర చిరిగితే చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే అతుక్కుంటుందట. నీళ్ళ చుక్క కూడా పోనివ్వకూడదట. నూనె పోసి చేతులారా కుళ్ళబెట్టుకున్నావు, ఇప్పుడు చీము లోపలిదాకా పోయింది, వినికిడి వస్తుందని ఆశ పెట్టుకోవద్దు అంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నేనే పోశానని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నోరు తెరవలేదు. యార్డులో అంత నోరున్న వాణ్ణి, అక్కడ మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఇక రెండు నెలలు, ఒక పక్క బండి కోసం, ఇంకో పక్క ఆ చెవి కోసం చూశాను. వాడి చెవి వస్తే నేను బయటపడతాను. రాకపోతే వాడి పని పోతుంది, నా వల్ల పోతుంది. పిచ్చిపట్టినట్టు ఫోన్లో కార్ల కంపెనీల గురించి చదివేవాణ్ణి. ఒకచోట చదివాను. జపాను ఫ్యాక్టరీలో బండి తయారవుతుండగా తప్పు కనబడితే, మామూలు పనివాడు కూడా తాడు లాగి పని మొత్తం ఆపేయొచ్చట. అలా లాగినవాణ్ణి తిట్టరట, మెచ్చుకుంటారట. పాతకాలం అమెరికా పద్ధతిలో పని ఆగకూడదు, తప్పు బండి తప్పుతోనే చివరిదాకా పోవాలి, అక్కడెక్కడో బాగుచేసుకోవాలి. ఫోన్ పక్కన పడేశాను. జపాను బండికి డబ్బు కట్టిన రోజునే, తాడు లాగిన తమ్ముణ్ణి నిమ్మకాయల్లోకి పడగొట్టాను. ఛీ, నా బతుకు అనుకున్నాను.

ఒకరోజు షెడ్డుకు పోతే వాడు ఒక వ్యాను ఇంజన్ మీద వంగి ఉన్నాడు. అలవాటుగా స్క్రూడ్రైవర్ పిడిని ఎడమ చెవికి పెట్టాడు. కాసేపు చూసి కుడి చెవికి మార్చాడు. మళ్ళీ ఎడమకు. "సప్పుడు వినపడతాండాది, యాడి నుంచి వస్తాందో తెలీడంలా," అన్నాడు ఆ వ్యాను యజమానితో. "గూడూరులో చూపించుకో అయ్యా, నేను పొరపాటు చెప్తానేమో." ఆయన బండి తీసుకుని పోయాడు. తమ్ముడు ఆ స్క్రూడ్రైవర్‌ను గోడకు విసిరికొట్టాడు. వాడు వస్తువు విసరడం నేను చూసింది అదే మొదలు. నన్ను చూసి, "టీ తాగుతావా అన్నా?" అన్నాడు.

చెప్పిన రోజుకు బండి రాలేదు. ఇంకో వారం అన్నారు. షోరూములో మాట్లాడుతున్న అబ్బాయి టై నా గుప్పిట్లోకి వచ్చేసింది. అతను గింజుకోలేదు, బిత్తరపోయి నా చేతిని చూశాడు. నేనూ చూశాను. వదిలేసి బయటికి వచ్చి, వెనక గోడను మూడుసార్లు గుద్దాను. వేలి కణుపుల తోలు లేచిపోయింది. కట్టు కట్టుకుని ఇంటికి పోతే మా ఆవిడ ఎవరిని కొట్టారని అడిగింది. గోడను అన్నాను. నమ్మడానికి చాలాసేపు పట్టింది.

బండి వచ్చిన రోజు ఆమే తమ్ముడికి ఫోన్ చేసింది. "మీ అన్న నడపకూడదు, నువ్వు పోయి తీసుకురా నాయనా," అంది. వాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. షోరూము వాళ్ళు అలవాటు ప్రకారం టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టబోయారు. మేం చర్చికి పోయేవాళ్ళం, అవి తొక్కించం, వద్దన్నాను. అయినా చెయ్యి ఊరుకోక ఒకటి తీసి చూస్తే మూడో రకం కాయ, రసం ఉండదు. తమ్ముడు నా మొహం చూసి నవ్వాడు. రెండు నెలల తర్వాత నవ్వాడు. ఆ నవ్వుకు నాకు ధైర్యం వచ్చింది. ఈ రోజు చెప్పేస్తాను అనుకున్నాను.

వాడు స్టీరింగు దగ్గర, నేను వాడి ఎడమ పక్కన. బానెట్ మీద వేలితో తట్టి, "అప్పడం మాదిరి ఉండాదన్నా," అని వెక్కిరించాడు గానీ బండిని మాత్రం ముద్దుగా నడిపాడు. అద్దాలు మూసి ఉన్నాయి, ఏసీ ఆడుతోంది. నా పాత బండిలో అరిస్తే గాని మాట వినబడేది కాదు. ఇందులో ఇంజన్ ఉందో లేదో తెలియడం లేదు. మనుబోలు దాటాక, రోడ్డు వైపే చూస్తూ మొదలుపెట్టాను.

"రేయ్, ఆ పొద్దు బ్రేకులు బాగానే ఉండాయిరా. లారీవోణ్ణి కొట్టాలని పోయినా నేను. ఊరంతా నీ పనిని అనుమానిస్తా ఉంటే నోరు మూసుకున్నా. నలుగురిలో కొట్టినా నిన్ను. నూనె పోసింది నేను, డాక్టరమ్మ ముందర నువ్వు నీ మీదేసుకుంటే అప్పుడు కూడా గోడకు ఆనుకుని నిలబడ్డా. నీ అన్నం తీసేసినా. తప్పంతా నాదే రా. క్షమించు."

యాభై ఏళ్ళలో అంత నెమ్మదిగా నేను మాట్లాడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. వాడు రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. ఒక లారీని దాటాడు, ఇంకో బస్సుకు సైడు ఇచ్చాడు. కిలోమీటరు పోయింది, రెండు పోయాయి. ఇంత చెప్పినా ఉలుకూ పలుకూ లేదేంది అని నాలో మళ్ళీ రాజుకుంది. మోకాలి మీద గుప్పిట బిగిసింది.

"వినపడిందా లేదా?" అని అరిచాను.

వాడు ఉలిక్కిపడి, మొహం మొత్తం నా వైపు తిప్పాడు, కుడి చెవి నాకు అందేలా. "ఏందన్నా? ఇందాకేమన్నా అన్నావా? ఈ పక్క చెవి పోయింది గదా. గట్టిగా చెప్పు."

నోరు తెరిచాను. ఆ మాటలు గట్టిగా రాలేదు.

"ఏం లేదురా. బండి సప్పుడే లేదు అంటున్నా."

"అవునా?" అన్నాడు వాడు, మళ్ళీ రోడ్డు వైపు తిరుగుతూ. "నాకిప్పుడు ఏ బండి ఎక్కినా ఈ పక్కంతా ఇట్టనే ఉంటాదిలే అన్నా."